కఫ్‌లింకు కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

పోయిన సంచికలో రిసెప్షన్ సూట్ల గురించి రాశానో లేదో, మెయిళ్లూ వాట్సాప్ మెసేజ్‌లూ వచ్చిపడ్డాయి. తమాషా ఏంటంటే అందులో సూటు గురించి అడిగినవాళ్లు తక్కువ, మెడకి కట్టుకునేదాని గురించీ చేతికి పెట్టుకునేదాని గురించీ అడిగినవాళ్లే ఎక్కువ. సరే, ఈసారి టైలూ కఫ్‌లింకులే (చొక్కా చేతిపట్టీలకి బొత్తాం బదులు విడిగా గుచ్చుకునే జత అన్నమాట). ముందే చెప్పేస్తున్నా, నేను ఫ్యాషన్ డిజైనర్ని కాను. బెంగళూరు చిక్కపేటలో మా మేనమామ టైలర్ షాపులో కాజాలు కుట్టడంతో మొదలుపెట్టి, తర్వాత మగవాళ్ల బట్టల షోరూములో పన్నెండేళ్లు కౌంటర్ వెనకాల నిలబడ్డవాణ్ణి. ముందువైపు చూపించి అమ్మాం, వెనకవైపు పాడైపోయిందని కస్టమర్లు తిరిగొచ్చారు, ఆ పన్నెండేళ్ల చదువు అంతే. అందుకే ఈ జవాబుల్లో "తిప్పి చూడండి" అన్న మాట విసుగొచ్చేన్నిసార్లు వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: సార్, వచ్చే నెల నా పెళ్లి. మా అత్తగారివాళ్లు రిసెప్షన్ సూటుతో పాటు పెద్ద బ్రాండ్ కఫ్‌లింకుల జత కూడా కొనిపెట్టారు. నిన్న రాత్రి అరగంట కుస్తీ పట్టినా అవి చొక్కాకి ఎక్కలేదు. నా ఫ్రెండేమో బొత్తాం మీద నుంచే పెట్టేయమంటున్నాడు. పాడైన పీసు ఇచ్చారేమోనని టెన్షన్‌గా ఉంది, పోనీ వాళ్లని అడుగుదామంటే మొహమాటం. ఏం చేయాలి?
— కాబోయే పెళ్లికొడుకు, మారతహళ్లి

జవాబు: పీసు బాగానే ఉంది తమ్ముడూ, తేడా అంతా చొక్కాలో ఉంది. మనం రోజూ వేసుకునే ఫుల్‌హ్యాండ్స్ చొక్కా చేతిపట్టీకి ఒక పక్క బొత్తాం, ఒక పక్క కాజా ఉంటాయి. కఫ్‌లింకుకి రెండు పక్కలా కాజాలే కావాలి, బొత్తాం ఉండకూడదు. దానికోసం కుట్టేదే ఫ్రెంచ్ కఫ్, డబుల్ కఫ్ అన్నా అదే. ఆ పట్టీ మామూలుదానికి రెండింతల పొడవుంటుంది, దాన్ని వెనక్కి మడిస్తే నాలుగు పొరలూ నాలుగు కాజాలూ ఒకే వరసలోకి వస్తాయి, వాటన్నిటి గుండా లింకు దూరుతుంది. మీ ఫ్రెండ్ మాట విని బొత్తాం మీద పెడితే చొక్కా చిరగడం తప్ప ఇంకేం జరగదు.

ఇంకా నెల టైముంది కాబట్టి మూడు దార్లున్నాయి. రెడీమేడ్‌లో ఫ్రెంచ్ కఫ్ చొక్కా అడిగి కొనుక్కోవడం ఒకటి, బెంగళూరులో కాస్త పెద్ద షోరూము దేన్లోనైనా దొరుకుతుంది. రెండోది కుట్టించుకోవడం. అలా అయితే గుడ్డ పావు మీటరు ఎక్కువ తీసుకోండి, కాటన్ అయితే ముందు ఒకసారి నీళ్లలో తడిపి ఆరేసి ఇవ్వండి, లేకపోతే మొదటి ఉతుకుకే చేతులు పైకెక్కి కోటులో కఫ్ దాక్కుంటుంది. మీరు గడియారం పెట్టేవాళ్లయితే ఆ చెయ్యి పట్టీ కొంచెం వదులుగా పెట్టమని టైలర్‌కి గుర్తుచేయండి, వాళ్లు వాళ్లంతట అడగరు. మూడోది అత్యవసరానికి: మీకు బాగా నచ్చిన మామూలు చొక్కా ఉంటే బొత్తాం విప్పించి ఆ చోట కూడా కాజా తీయించేయండి. సింగిల్ పట్టీకి లింకు పెట్టుకోవచ్చు, తప్పేం కాదు, కోటు వేసుకున్నాక తేడా గమనించేది నాలాంటి పనిలేనివాడే.

పెట్టుకునేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మామూలు బొత్తాంలాగా ఒక అంచు మీద ఇంకో అంచు ఎక్కిస్తారు. అలా కాదు, నమస్కారం పెట్టినప్పుడు రెండు అరచేతులు ఎలా కలుస్తాయో అలా రెండు అంచులూ ఎదురెదురుగా ఆనాలి, కాజాలు ఒకదానికొకటి ఎదురుగా వచ్చాక లింకు గుచ్చాలి. చేతులు కిందకి వదిలేసి నిలబడితే లింకు బొమ్మవైపు మీ ఒంటివైపు కాకుండా ఎదుటివాళ్లకి కనబడాలి. కోటు చేతి కింద నుంచి చొక్కా పట్టీ అర అంగుళం బయటికి రావాలి, అంతకంటే ఎక్కువొస్తే కోటు తమ్ముడిదేమో అనుకుంటారు. ఎడమచేత్తో కుడిచేతికి పెట్టుకోవడం మొదట్లో నరకం, తోడుపెళ్లికొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని రెండుసార్లు ప్రాక్టీస్ చేయండి, స్టేజీ వెనక ఆ పని పెట్టుకోవద్దు.

ఇప్పుడు ఆ జతని వెనక్కి తిప్పి చూడండి. కర్రముక్కలాంటిది అటూ ఇటూ తిరుగుతుందా? దాన్ని టాగుల్ అంటారు, నిటారుగా పెట్టి కాజాల్లోంచి దూర్చి అడ్డంగా తిప్పేస్తే పని అయిపోతుంది. డిజైనర్ లింకులో మనం డబ్బులిచ్చేది ఎక్కువగా ముందువైపు బొమ్మకి, ఎనామెల్‌కీ ముత్యపు చిప్పకీ. కానీ మొదట పాడయ్యేది మాత్రం వెనకాల ఈ టాగుల్ కీలే. తిప్పినప్పుడు టక్కుమని గట్టిగా ఆగాలి. గలగలలాడుతూ వేలాడితే బిల్లు ఉండగానే మార్చుకోవాలి, అప్పుడు మాత్రం మొహమాటపడకుండా అత్తగారివాళ్లని బిల్లు అడగండి, రిసెప్షన్‌లో లింకు ఊడి కిందపడడం కంటే అది నయం.

ఇంకో మాట. ప్రాక్టీసుకి ఖరీదైన జత వాడకండి. పట్టుదారంతో అల్లిన చిన్న ముడుల జతలు దొరుకుతాయి, సిల్క్ నాట్స్ అంటారు. పారిస్‌లోని షార్వే అనే చొక్కాల షాపు 1900ల మొదట్లో వీటిని తెచ్చింది. ఇప్పుడు ఎలాస్టిక్‌వి చవగ్గా వస్తున్నాయి. పోయినా ఏడుపు రాదు.

ప్రశ్న: అన్నా, ఒక ఫ్యాక్టరీ ఔట్‌లెట్ అని బోర్డు పెట్టిన షాపులో పేరున్న ఇటాలియన్ బ్రాండ్ టై 900 రూపాయలకే ఇచ్చారు. లేబుల్ మీద హండ్రెడ్ పర్సెంట్ సిల్క్ అని ఉంది. మా రూమ్మేట్లు నవ్వుతున్నారు. నిజమైన పట్టేనా, కనిపెట్టేదెలా?
— బ్యాచిలర్, బీటీఎం లేఅవుట్

జవాబు: లేబుల్ కుట్టడానికి నాలుగు టాకాలు చాలు, కాబట్టి దాన్ని వదిలేయండి. తిప్పి చూడండి.

టై వెనకాల పొడవునా మధ్యలో ఒక అతుకు ఉంటుంది కదా, మంచి టైకి అది చేత్తో వదులుగా వేసిన కుట్టు. వెడల్పు కొస దగ్గర లోపలికి తొంగి చూస్తే ఆ కుట్టు దారం చిన్న ఉచ్చులాగా వేలాడుతూ కనిపిస్తుంది. అది కుట్టు ఊడిపోవడం కాదు, కావాలని వదిలిన దారం. ముడి వేసినప్పుడు, లాగినప్పుడు టై సాగి మళ్లీ సర్దుకోవడానికి ఆ దారం లోపల జారుతుంది. మా షోరూములో ఒకాయన కొత్త టైకి దారం ఊగులాడుతోందని కత్తెరతో కత్తిరించేసి, వారం తర్వాత టై విడిపోయిందని గొడవకొచ్చాడు. ఆ దారం జోలికి మాత్రం పోకండి.

రెండో పరీక్ష, సన్నటి కొస పట్టుకుని టైని వేలాడదీయండి. తిన్నగా వేలాడితే కటింగ్ సరిగా ఉన్నట్టు, మెలి తిరిగితే గుడ్డ ఆదా కోసం వంకర కోశారన్నమాట. టై గుడ్డని నిలువుగా కోయరు, 45 డిగ్రీల ఏటవాలులో కోస్తారు, మన ఆడవాళ్లకి క్రాస్ కట్ జాకెట్టు అంటే వెంటనే అర్థమవుతుంది, అదే సూత్రం. అలా కోస్తేనే గుడ్డ కొంచెం సాగి ముడి అందంగా కూర్చుంటుంది, విప్పాక ముడతలు వదులుతాయి. 1920ల్లో న్యూయార్క్‌లో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే టై తయారీదారు ఇలా ఏటవాలుగా కోసి మూడు ముక్కలు అతికే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు, ఈరోజు మన మెడల్లో ఉన్న టైలు చాలావరకు దాని సంతానమే.

ఇక పట్టా కాదా అన్నది. సన్న కొస లోపలి అంచు నుంచి ఒకే ఒక్క పోగు లాగి వెలిగించండి, షాపులో కాదు, ఇంట్లో. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసనొస్తుంది, నలిపితే బూడిద పొడి అయిపోతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలాగా గడ్డకడుతుంది. లోపల ఉండే మందపాటి పొరకి కూడా ఒక చూపు ఇవ్వండి, మంచివాటిలో ఉన్ని పొర ఉంటుంది, చవకవాటిలో గట్టి బక్రంలాంటిది పెడతారు, అందుకే ముడి పిడికిలంత అవుతుంది.

మన దేశంలో పట్టు చీరలకీ గుడ్డకీ 2004 నుంచి సిల్క్ మార్క్ అని ఒక గుర్తుంది, దాన్ని నడిపేది బెంగళూరులోనే ఆఫీసున్న సెంట్రల్ సిల్క్ బోర్డు వ్యవస్థే. ఇక్కడి తయారీ టై అయితే ఆ గుర్తు అడగొచ్చు, విదేశీ బ్రాండు మీద అది ఉండదు. అన్నట్టు రోజూ సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో గంటలు గంటలు కూర్చునే మనలో ఎంతమందికి ఆ పేరులో నిజంగానే పట్టు ఉందని తట్టింది? యాభై కిలోమీటర్లు పోతే రామనగరలో పట్టుగూళ్ల మార్కెట్ ఉంది, మన హిందూపురం, మదనపల్లె రైతులు మల్బరీ తోటలు వేసి పెంచే పట్టుగూళ్లు ఇటువైపు కర్ణాటక మార్కెట్లకీ వస్తాయి. ఒక్కో గూటి నుంచి కొన్ని వందల మీటర్ల మీద పోగు వస్తుంది. ఇటలీలో కోమో ఊరు టై గుడ్డకి ఎంత పేరున్నదైనా, పట్టు అంటే మనం ఇటలీ వైపు నోరు తెరుచుకుని చూడాల్సిన పని లేదని నా అభిప్రాయం. మనకి లేనిదల్లా టై గుడ్డకి తగ్గ నేత, ఫినిషింగ్ మీద శ్రద్ధ, అది వేరే గొడవ.

మీ 900 టై ఈ పరీక్షల్లో తప్పినా పారేయకండి, రంగు బాగుంటే కట్టుకోండి. రూమ్మేట్ల ముందు మాత్రం బ్రాండ్ పేరు ఎత్తకండి.

ప్రశ్న: నమస్తే అండీ. మా తాతగారు గ్లాస్గో (సన్నటి నూలుగుడ్డ) లాల్చీకి పెట్టుకునే బంగారు గుండీలు నాలుగు, సన్న గొలుసుతో సహా, అమ్మ నాకూ మా తమ్ముడికీ అని దాచి ఇచ్చింది. లాల్చీలు వేసే రోజులు పోయాయి కదా, కరిగించి చెరొక ఉంగరం చేయించుకుందామని తమ్ముడంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. వీటితో కఫ్‌లింకులు చేయించవచ్చా?
— ఇద్దరు మనవళ్లలో పెద్దవాణ్ణి, మల్లేశ్వరం

జవాబు: ఈ ఉత్తరం కోసమే ఈ నెల కాలమ్ రాశాననుకోండి. దయచేసి కరిగించకండి.

అసలు గుండీలూ కఫ్‌లింకులూ దూరపు చుట్టాలు కాదు, సొంత అన్నదమ్ములు. తాతగారి గుండీలు చొక్కాకి కుట్టి ఉండవు కదా, ఎందుకంటారు? లాల్చీ చాకిరేవుకి వెళ్లి బండకేసి ఉతికించుకుని గంజి పెట్టించుకుని రావాలి, బంగారం దాంతో పోకూడదు. అందుకని లాల్చీకి రెండు పక్కలా కాజాలు తీసి, గుండీ విడిగా గుచ్చి, ఒకటి జారినా పోకుండా గొలుసుతో కలిపేవాళ్లు. అక్కడ ఐరోపాలోనూ కథ ఇంతే. 19వ శతాబ్దంలో వాళ్ల చొక్కా పట్టీలకి గంజి అట్టముక్కలా పట్టించేవాళ్లు, అంత బిరుసు గుడ్డలోంచి చిన్న బొత్తాం దూర్చడం కష్టం, అందుకని రెండు పక్కలా కాజాలు పెట్టి లోహపు లింకు గుచ్చేవాళ్లు. మనవాళ్లు రొమ్ము మీద పెట్టారు, వాళ్లు మణికట్టుకి పెట్టారు, తేడా అంతే.

ఇప్పుడు మీ లెక్కకి వద్దాం. కఫ్‌లింకుల్లో పాత పద్ధతివి, తెలిసినవాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకునేవి, రెండు పక్కలా బొమ్మ ఉండి మధ్యలో చిన్న గొలుసు ఉండేవి. వాటికి ఒక్కో చేతికి రెండు, మొత్తం నాలుగు ముఖాలు కావాలి. మీ దగ్గర సరిగ్గా నాలుగు గుండీలు, పైగా గొలుసూ ఉంది! ఒకే జత చేయించుకుని అన్నదమ్ములు వంతులవారీగా పెట్టుకుంటామంటే ఇంతకంటే అందమైన పని లేదు. కాదు, ఎవరిది వాళ్లకి కావాలంటే చెరి రెండు గుండీలు తీసుకుని వెనకాల టాగుల్ పెట్టించుకోండి, రెండు జతలవుతాయి. ఎలా చేసినా తాతగారి గుండీ ముఖం అలాగే ఉంటుంది, అది ముఖ్యం.

పని చేయించేటప్పుడు జాగ్రత్తలు చెప్తాను, కాస్త వివరంగానే. మాల్‌లో పెద్ద షోరూముకి తీసుకెళితే పాత బంగారం ఇచ్చి కొత్తది కొనమంటారు, వాళ్ల వ్యాపారం అది. మీకు కావాల్సింది చిన్న పని చేసిపెట్టే కంసాలి. బెంగళూరులో అయితే అవెన్యూ రోడ్డు, నగరత్‌పేట సందుల్లో అడగండి, తెలుగులో మాట్లాడినా పని జరుగుతుంది. ఇచ్చేముందు నాలుగు గుండీలనీ గొలుసునీ తూకం వేయించి, రెండు వైపులా ఫొటోలు తీసి, తూకం చీటీ రాయించుకోండి. గుండీల్లో కెంపో పచ్చో రాళ్లుంటే టంకం వేసేముందు రాయి విప్పి తర్వాత మళ్లీ పొదగమనండి, వేడికి కొన్ని రాళ్లు పగిలిపోతాయి. మెరుగు పెట్టమని మాత్రం అనొద్దు, తాతగారి వేళ్లకి అరిగిన ఆ నునుపు పాలిష్ చేస్తే పోతుంది, బంగారమూ కొంచెం పోతుంది.

టాగుల్ కావాలంటే అది 22 క్యారెట్లలో చేయించకండి. 22 మెత్తన, రోజూ తిప్పే కీలుకి ఆగదు, వంగిపోతుంది. 18 క్యారెట్లలోనో, వెండిలో చేసి పూత వేయించో పెట్టించండి. గొలుసు జత అయితే రెండు ముఖాల మధ్య నాలుగు పొరల గుడ్డ పట్టేంత సందు వదలాలి, చేయించుకోబోయే చొక్కా పట్టీని కంసాలికి చూపించి కొలత తీయించండి, ఈ పని మాటలతో జరగదు. గుండీల వెనకాల ఉండే చిన్న బిళ్లలు కోసేస్తారు కదా, ఆ ముక్కలూ మిగిలిన గొలుసూ తూకం వేయించుకుని వెనక్కి తెచ్చుకోండి, రేపు మనసు మారి మళ్లీ గుండీలుగా చేయించాలన్నా పనికొస్తాయి.

హాల్‌మార్క్ గురించి భయం వద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి షాపులు అమ్మే బంగారు నగల మీద అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ కోడ్ ఉండాలన్న నిబంధన అమ్మేవాళ్లకి, మీ ఇంట్లో ఉన్న తాతగారి బంగారాన్ని దాచుకోవడానికీ వాడుకోవడానికీ అది అడ్డురాదు. బంగారం స్వచ్ఛత ఎంతో తెలుసుకోవాలనిపిస్తే హాల్‌మార్కింగ్ సెంటర్‌లో మెషీన్ మీద చూపించండి.

ఇంకో మార్గం కూడా ఉంది, చెప్పకుండా ఉండలేను. అసలేమీ మార్చకుండా, మంచి పట్టు లాల్చీకి రెండు పక్కలా కాజాలు తీయించి ఇంట్లో ఒక శుభకార్యానికి అవే గుండీలు గొలుసుతో పెట్టుకుని చూడండి. సూటు వేసుకున్న వందమందిలో మీవైపే చూస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి రిసెప్షన్‌కి అమ్మాయి కంచిపట్టు చీర రంగులోనే టై కావాలని ఫొటోగ్రాఫర్ పట్టుబడుతున్నాడు. చీర ముదురు గులాబీ. ఆ రంగు టై ఎక్కడా దొరకలేదు. చీరతో వచ్చిన జాకెట్టు గుడ్డతో కుట్టించమంటారా?
— ఒక తల్లి, హోసూరు

జవాబు: అమ్మా, ఫొటోగ్రాఫర్ మాట ఆల్బమ్ వరకే. నిలువెల్లా ఒకే రంగులో ఉంటే పెళ్లికొడుకు పెళ్లికూతురి పక్కన నిలబడిన సోఫా కవరులా ఉంటాడు, క్షమించండి, షోరూములో ఇలాంటివి చాలా చూసి అంటున్నాను. చీర ఒంటి రంగు వదిలేసి అంచులోంచో పల్లూలోంచో ఒక రంగు తీసుకోండి. గులాబీకి ఆకుపచ్చ అంచు ఉందనుకోండి, ముదురు ఆకుపచ్చ టై, నేవీ సూటు, తెల్ల చొక్కా. చాలు, కళ్లకి హాయిగా ఉంటుంది.

జాకెట్టు గుడ్డతో కుట్టించవచ్చు, ముక్క 80 సెంటీమీటర్లుండి, ఒళ్లు సాదాగా ఉంటే. మెడ దగ్గర అతుకు వేసి రెండు మూడు ముక్కల్లో టై వస్తుంది. జరీ అంచు మాత్రం టైలోకి రానివ్వకండి, జరీ వంగదు, ముడి దగ్గర విరిగినట్టు కనబడి మెడకి గుచ్చుకుంటుంది. పాత చీరలతో ఈ ప్రయోగం అసలు వద్దు, ఏళ్ల తరబడి బీరువాలో మడతలో ఉన్న పట్టు ఆ మడత దగ్గరే చీలిపోతుంది. మామూలు టైలర్‌కి టై కుట్టడం రాదు, చొక్కాలు ఎంత బాగా కుట్టినా సరే. ఇదివరకు కుట్టిన టై ఒకటి చూపించమని అడిగి, వెనక్కి తిప్పి చూశాకే గుడ్డ ఇవ్వండి.

ప్రశ్న: సార్, ఆఫీసు పని మీద మూడు నెలలు లండన్ వెళ్తున్నాను, క్లయింట్ బ్యాంకు కాబట్టి టై తప్పదట. నా పొడవు ఆరడుగుల రెండంగుళాలు, ఏ టై కట్టినా బొడ్డు పైనే ఆగిపోతుంది. యూట్యూబ్ చూసి ఫుల్ విండ్సర్ ముడి నేర్చుకున్నాను. చారల టైలు రెండు కొన్నాను.
— టెస్టింగ్ ఇంజనీర్, వైట్‌ఫీల్డ్

జవాబు: మీ బొడ్డు సమస్యకి కారణం విండ్సరే. మామూలు టై 145 నుంచి 150 సెంటీమీటర్లుంటుంది, విండ్సర్ ముడి ఎక్కువ చుట్లు తిరిగి ఆ పొడవంతా మింగేస్తుంది. కొస బెల్టు బకిల్‌ని తాకాలి, పైన ఆగితే స్కూలు పిల్లాడు, కింద జారితే ఇంకేదో. మీ ఎత్తుకి ఫోర్ ఇన్ హ్యాండ్ అనే ముడి కట్టండి, అన్నిటికంటే తేలిక, గుడ్డ తక్కువ తింటుంది, కొంచెం వంకరగా రావడమే దాని అందం. సరిపోకపోతే ఎక్స్‌ట్రా లాంగ్ అని విడిగా అమ్ముతారు. 1999లో కేంబ్రిడ్జిలో థామస్ ఫింక్, యోంగ్ మావ్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు లెక్క కట్టి టైని 85 రకాలుగా ముడి వేయొచ్చని తేల్చారు. నాకు మూడు వచ్చు, షోరూములో పన్నెండేళ్లూ ఆ మూడుతోనే గడిచిపోయింది.

చారల విషయంలో కాస్త ఆగండి. ఇంగ్లండ్‌లో చారల టై అంటే చాలాసార్లు ఫలానా సైనిక రెజిమెంటుకో స్కూలుకో క్లబ్బుకో చెందిన గుర్తు. తెలియకుండా అలాంటి రంగుల కలయిక కట్టుకెళితే "మీరు అక్కడ చదివారా?" అని ఎవరైనా అడగొచ్చు, అప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. వాళ్ల చారలు ఎడమ భుజం నుంచి కుడివైపు కిందికి దిగుతాయి. అమెరికాలో బ్రూక్స్ బ్రదర్స్ వాళ్లు 20వ శతాబ్దం మొదట్లో ఆ చారల్ని అటుదిటు తిప్పి అమ్మారు, ఆ రకం కడితే ఎవరి రెజిమెంటూ కాదు. మీ రెండు టైలూ ఎటు దిగుతున్నాయో చూసుకోండి. అసలీ బాధే వద్దనుకుంటే సాదా నేవీ ఒకటి, చిన్న చుక్కలది ఒకటి, మూడు నెలలకి ఇవే ఎక్కువ.

ప్రశ్న: మావారి పట్టు టై మీద కొబ్బరినూనె చుక్క పడింది. షాంపూతో ఉతకనా?
— గృహిణి, జయనగర్

జవాబు: వద్దమ్మా, నీళ్లే తగలనివ్వకండి. నీళ్లు పడితే లోపలి పొర ఒకలా, పై పట్టు ఒకలా కుంచించుకుని టై అప్పడంలా వంకర్లు పోతుంది. పొడి గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. మరక మీద టాల్కమ్ పౌడర్ మందంగా చల్లి రాత్రంతా వదిలేసి పొద్దున్నే దులపండి, పోకపోతే ఇంకోసారి. అప్పటికీ ఉంటే డ్రై క్లీనింగ్, అదీ ఇస్త్రీ గట్టిగా అణచొద్దని చెప్పి, టై అంచులు గుండ్రంగా ఉండాలి, కత్తి అంచులా కాదు. ఇంకొకటి, మావారు అన్నారు కాబట్టి అడుగుతున్నా, ఆయన ముడి విప్పకుండా తల మీంచి లాగేసి మేకుకి తగిలిస్తారా? మానిపించండి. కట్టిన దారిలోనే వెనక్కి విప్పి, ఒక రాత్రి వేలాడదీస్తే ముడతలు వాటంతటవే పోతాయి.

ప్రశ్న: చెన్నై ఉక్కలో పట్టు టై కట్టుకుని మీటింగులకి వెళ్లాలంటే చెమటకి తడిసిపోతోంది. దారి చెప్పండి.
— మెడికల్ రెప్, టి. నగర్

జవాబు: బెంగళూరులో కూర్చుని చెన్నై వాళ్లకి సలహా ఇవ్వడానికి సిగ్గుగానే ఉంది. జేబులో చుట్టగా చుట్టి పెట్టుకుని, క్లినిక్ గుమ్మం దగ్గర కట్టుకోండి, మీరు కడుతున్నది లాయర్లు కోర్టులో కట్టే తెల్ల బ్యాండు కాదు కదా, అడిగేవాళ్లు లేరు. కొనేటప్పుడు మెరిసే శాటిన్ వద్దు, చెమట మచ్చ అద్దంలా కనిపిస్తుంది. జాలీలా సందులు సందులుగా నేసిన గ్రెనడీన్ గానీ, అల్లిక పట్టు టై గానీ తీసుకోండి, మచ్చ దాక్కుంటుంది. ముదురు రంగులే.

ప్రశ్న: నేను శాకాహారిని. పురుగుల్ని చంపి తీసిన పట్టు మెడకి కట్టుకోవడం ఎలాగో ఉంటోంది. ఆఫీసులో టై తప్పనిసరి.
— హోటల్ ఉద్యోగి, కోరమంగళ

జవాబు: మీ అనుమానం నిజమే. మామూలు పట్టులో చిలుక (రెక్కలొచ్చిన పట్టుపురుగు) బయటికి రాకముందే గూటిని వేడి చేసి లోపలి పురుగుని చంపేస్తారు, ఎందుకంటే చిలుక తొలుచుకుని వస్తే గూడు చిల్లుపడి పోగు తెగిపోతుంది, ఒకే పొడవాటి పోగుగా తీయడం కుదరదు. చిలుకని పోనిచ్చి, మిగిలిన గూళ్లని పత్తిలా వడికి దారం తీసే పద్ధతి ఉంది, మన తెలుగువాడే కుసుమ రాజయ్య గారు అహింసా పట్టు పేరుతో దానికి గుర్తింపు తెచ్చారు. ఆ గుడ్డ అంత మెరవదు, కొంచెం గరుకుగా ఉంటుంది, టైకి నా కంటికి అదే బాగుంటుంది. గుడ్డగా కొని కుట్టించుకోవాలి. లేదంటే పోచంపల్లి ఇక్కత్ కాటన్‌తో చేయించుకోండి, హోటల్ యూనిఫామ్ రంగు ఒప్పుకుంటే.

ప్రశ్న: ఆడవాళ్లు కఫ్‌లింకులు పెట్టుకోకూడదా? అడిగితే షాపులో నవ్వారు.
— లాయర్, ఇందిరానగర్

జవాబు: నిక్షేపంగా పెట్టుకోవచ్చు. ఫ్రెంచ్ కఫ్ చొక్కా మీ కొలతకి కుట్టించుకుని, చిన్న సైజు లింకు ఎంచుకోండి, మగవాళ్లది చేతికి బరువవుతుంది. నవ్విన షాపు కాకుండా పక్క షాపులో కొనండి.

ప్రశ్న: వెండి కఫ్‌లింకుల జతలో ఒకటి పోయింది. మిగిలిన ఒంటిదాన్ని ఏం చేయను? అసలు ఇవి ఎలా పోతాయో అర్థం కాదు.
— ఒక పాఠకుడు, కేఆర్ పురం

జవాబు: ఎలా పోతాయో నాకు బాగా తెలుసు. మనం చేత్తో భోజనం చేసేవాళ్లం, కఫ్‌లింకు కనిపెట్టినవాళ్లు కాదు. మా బంధువుల రిసెప్షన్‌లో విస్తరి ముందు కూర్చున్నాక గానీ నాకు గుర్తురాలేదు, డబుల్ కఫ్ అంచు నేరుగా గుత్తివంకాయ పులుసులోకి పోతోంది. సరేనని కుడిచేతి లింకు విప్పి కోటు జేబులో వేసుకుని, చెయ్యి మడుచుకుని తిన్నాను, అంతవరకూ బుద్ధిగానే ఉన్నాను. చేతులు కడుక్కునే చోట మాత్రం తడిచేత్తోనే మళ్లీ పెట్టుకోబోయి బేసిన్‌లో జారవిడిచాను. కళ్ల ముందే కన్నంలోకి వెళ్లిపోయింది, వెనకాల చేతులు కడుక్కోవడానికి ఇరవైమంది క్యూ, ఎవరికీ చెప్పలేక బయటికి వచ్చేశాను.

మీ ఒంటి వెండిదాన్ని కంసాలికి చూపిస్తే అచ్చు తీసి జోడు పోత పోస్తాడు, బొమ్మ సాదాగా ఉంటే తేడా తెలియదు. ఎనామెల్ రంగులుంటే మాత్రం కుదరదు, టై పిన్నుగా మార్పించుకోండి. ఈసారి భోజనాలకి కూర్చునేముందే రెండూ విప్పి చిన్న జిప్ పర్సులో వేసి జేబులో పెట్టుకోండి. ఒకవేళ బేసిన్‌లోనే పడితే ఇంకెవర్నీ నీళ్లు వదలనివ్వకుండా హాలు వాచ్‌మన్‌ని పిలవండి, కింద వంపు తిరిగిన పైపు ఉంటుంది, అది విప్పితే నూటికి తొంభైపాళ్లు అందులోనే ఆగి ఉంటుంది. ఆ సంగతి నాకు ఒక ప్లంబర్ చెప్పాడు, రెండేళ్ల తర్వాత.